మా పొట్టలకూ ఫ్యాక్టరీ లైసెన్సు ఇప్పించండి

గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి పెద్దలకూ, మా పళ్లెంలో ఏ విషం ఎంతవరకు ఉండవచ్చో ఢిల్లీలో కూర్చుని తేల్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ వారికీ, సూరత్ నగరం ఉధ్నాలో సాంచాలు (మరమగ్గాలు) నడుపుకుని బతికే తెలుగువాళ్లం చేసుకుంటున్న దరఖాస్తు ఏమనగా:

మా పొట్టల్ని ఇక మీదట పరిశ్రమలుగా గుర్తించండి.

వెటకారం అనుకోకండి, లెక్క చూసుకునే వచ్చాం. పరిశ్రమ అంటే ఏమిటి? రసాయనాలు లోపలికి రావాలి, వేడి మీద కలవాలి, కొంత సరుకుగానూ కొంత వ్యర్థంగానూ బయటికి పోవాలి. ఆ మూడు పనులూ మా దగ్గర పూటకోసారి జరుగుతున్నాయి. పాండేసరాలో ఒక డైయింగ్ మిల్లు సీసం కలిసిన నీళ్లు వదిలితే దానికో పరిమితి ఉంది, సీసా పట్టుకుని నమూనాకొచ్చే అధికారి ఉన్నాడు, తేడా వస్తే మూసివేత నోటీసు ఉంది. అదే సీసం మా నోట్లోకి వస్తే పరిమితి ఒక్కటే ఉంది. అధికారి ఎప్పుడొస్తాడో, అసలు వస్తాడో లేదో ఆ దేవుడికే ఎరుక. మిల్లు మురుగుకు దక్కే మర్యాద మా మెతుక్కి దక్కడం లేదు కనుక మేమే మిల్లులమైపోదామని తీర్మానించుకున్నాం. ఫారం తెచ్చుకున్నాం. గడులు నింపుతున్నాం.

యూనిట్ ఎక్కడ?

సూరత్‌కు దక్షిణాన, ఉధ్నా జంక్షన్ చుట్టూ. ఒక పక్క ఉద్యోగ్‌నగర్, ఇంకో పక్క పాండేసరా మిల్లులు, మధ్యలో మేం. వరంగల్, కరీంనగర్, నల్లగొండల్లో మగ్గం కూడు పెట్టలేనప్పుడు మా తాతలూ తండ్రులూ ఇక్కడికొచ్చి సాంచాల ముందు నిలబడ్డారు. మునిసిపాలిటీ మా పిల్లలకు తెలుగు మాధ్యమం బడులు పెట్టింది. బతుకమ్మ ఆడుకోవడానికి చోటు దొరికింది. ఊరి మీద మాకు ఫిర్యాదు లేదు.

పైగా ఇది తిండికి పేరుపడ్డ ఊరు. సూరత్‌లో భోజనం, కాశీలో మరణం అని గుజరాతీల సామెత. ఘారీ, లోచో, ఉంధియూ రుచి చూసినవాళ్లెవరూ మొదటి సగంతో తగాదా పెట్టుకోరు. రెండో సగమే మా బోటివాళ్లకు ఖర్చుతో కూడిన వ్యవహారం. కాశీకి టికెట్టు కావాలి, సెలవు కావాలి, పోయిన దినాలకు మజూరీ రాదు. రసాయన పరిశ్రమ దయవల్ల ఆ రెండో సగాన్ని కూడా ఇక్కడే, కూర్చున్న పీట మీదే ముగించుకునే వీలు కలుగుతోంది.

శుభ్రత సంగతి అడిగితే, 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఈ ఊరు వదిలి పారిపోయారు. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త ఎత్తించాడు, మురికి వంటగదులున్న హోటళ్లకు తాళాలు వేయించాడు. దేశమంతా సూరత్‌ను చూసి నేర్చుకోమన్నారు. చెత్త కంటికి కనిపిస్తుంది కాబట్టి చీపురుకు దొరికింది. పీపీఎంలలో కొలిచే విషం కనిపించదు. దాన్ని పట్టే యంత్రం ల్యాబులో ఉంటుంది. ల్యాబు మా గల్లీలోకి రాదు.

యూనిట్ సామర్థ్యం?

60 కేజీలు. ఇది మా లెక్క కాదు, తమరిదే. ఏ రసాయనమైనా మనిషి రోజుకు ఎంత తట్టుకోగలడో తేల్చేటప్పుడు నిపుణులు ముందు ఎలుకల్ని అడుగుతారు. ఎలుకకు ఏమీ కాని మోతాదును వందతో భాగిస్తారు: ఎలుకకూ మనిషికీ తేడా ఉంటుందని ఒక పది, మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని ఇంకో పది. వచ్చినదాన్ని సగటు మనిషి బరువుతో హెచ్చిస్తారు. ఆ సగటు మనిషి చాలాకాలంగా 60 కేజీల దగ్గర కదలకుండా కూర్చున్నాడు.

ఆయన కోసం ఉధ్నా అంతా వెతికాం. రాత్రి షిఫ్టు దిగి మెస్సులో రెండు రొట్టెలు తిని పడుకున్న కుర్రాడు ఆయన కాదు. ఇంట్లో కూర్చుని చీరలకు స్టోన్లు అంటించే ఇల్లాలు ఆయన కాదు. ఆమె ఒడిలో పన్నెండు కేజీలతో ఉన్న బుడ్డోడు అసలే కాదు. వాడు కేజీ బరువుకు పెద్దవాళ్లకన్నా ఎక్కువ తింటాడు. సగటు మనిషికి ముందే కిడ్నీ జబ్బు ఉండదు, గర్భం రాదు, ఆకలి పుట్టి ఒకే సరుకు మీద పడి తినడు. ఇంత ఆరోగ్యవంతుడు ఏ ఊళ్లో ఉంటున్నాడో చెబితే మేమూ ఆ ఊరికే వలస పోతాం.

ముడిసరుకు ఏమిటి?

పసుపుతో మొదలుపెడతాం, శుభం కాబట్టి. నిజామాబాద్ రైతు పండించిన కొమ్ముకు సీసంతో పనిలేదు. కొన్ని చోట్ల పాలిష్ పట్టేవాళ్లు మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అద్దుతారు. అది రోడ్డు గీతలకూ పెయింట్లకూ వేసే పచ్చరంగు. దాన్ని పసుపులో కలపడం మన చట్టంలో నిషేధం. మరి సీసానికి పసుపులో పరిమితి ఎంత? కేజీకి 10 మిల్లీగ్రాములు. 2011 నాటి నియమాల్లో నల్లటి అక్షరాలతో ఉంది. ఇప్పుడు ఇంకో పుస్తకం తెరవండి. ఫ్యాక్టరీ తన మురుగును నదిలోకి వదలాలంటే లీటరుకు 0.1 మిల్లీగ్రాముకు మించి సీసం ఉండకూడదు. అంటే చట్టానికి లోబడిన పసుపుని సమాన బరువు నీళ్లతో పోల్చితే, తాపీ నది కన్నా మా కూర నూరు రెట్లు సహనశీలి.

వెంటనే ఒక శాస్త్రజ్ఞుడు గొంతు సవరించుకుంటాడు: "అయ్యా, కేజీ పసుపు ఎవరూ తినరు." నిజమే. గ్రాముల్లోనే తింటాం. రోజుకు 3 గ్రాములు వేసుకుందాం. పరిమితి అంచున ఉన్న పసుపైతే 30 మైక్రోగ్రాముల సీసం. పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీకి తిండి మొత్తం మీద రోజుకు 8.8 మైక్రోగ్రాములు, పిల్లలకు 2.2 దాటితే ఆలోచించాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ లెక్క. యూరప్‌వాళ్లు 2021లో దుంప, కొమ్ము జాతి దినుసులకు కేజీకి 1.5 మిల్లీగ్రాములని గీత గీశారు. వాళ్లు పసుపుని అప్పుడప్పుడూ పాలల్లో కలుపుకుని ఫోటో తీసుకునేవాళ్లు. మేం పుట్టిన బిడ్డకూ పెళ్లికూతురికీ గడపకూ రాసి, మిగిలింది రెండు పూటలా తినేవాళ్లం. తక్కువ తినేవాడికి 1.5, ఎక్కువ తినేవాడికి 10. ఇది ఏ వైద్యశాస్త్రమో మాకు తెలియదు గానీ, వాణిజ్యశాస్త్రంలో నూటికి నూరు మార్కులు.

ఇంతకన్నా ముద్దొచ్చే విషయం మరొకటుంది. సీసానికి వారానికి ఇంత తినవచ్చు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ ఒకప్పుడు ఒక అంకె ఇచ్చేది. 2010లో ఆ అంకెను వెనక్కి తీసుకుంది. ఇంతవరకైతే ఆరోగ్యానికి భయం లేదు అని చెప్పగల స్థాయే సీసానికి కనబడలేదని చెప్పింది. భయం లేని స్థాయి లేదని వాళ్లు చెప్పిన మరుసటి ఏడాది మనం 10 అని అచ్చేశాం. లేనిదానికి అంకె వేయగలగడం సామాన్యమైన విద్య కాదు.

ఇక కారం. 2003లో ఫ్రాన్స్‌వాళ్లు మన దేశం నుంచి పోయిన మిరప పొడిలో సూడాన్-1 అనే రంగును పట్టుకున్నారు. నూనెలకూ మైనానికీ బూటు పాలిష్‌కూ వేసే ఎర్రరంగు అది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాసులో పడిన కారం వల్ల 400కు పైగా వస్తువుల్ని అంగళ్లలోంచి ఏరి పారేయించారు. ఆ గొడవల వల్ల స్పైసెస్ బోర్డు ఎగుమతయ్యే మిరపకు సూడాన్ పరీక్ష తప్పనిసరి చేసింది. చాలా మంచిపని. ఇప్పుడు గుంటూరు మిర్చి లండన్‌కు పోవాలంటే సర్టిఫికెట్టు మెళ్లో వేసుకుని పోతుంది. ఉధ్నాకు రావాలంటే గోనెసంచిలో కూర్చుని వస్తే చాలు. తెల్లవాడి నాలుక ముందు సూడాన్ దొంగ, మా నాలుక ముందు దొర.

రంగులు సరేసరి. మన చట్టం ఎనిమిది కృత్రిమ రంగుల్ని తిండిలో అనుమతించింది. చాలా పదార్థాల్లో 100 పీపీఎం హద్దు. రోడమిన్-బి, మెటానిల్ ఎల్లో ఆ ఎనిమిదిలో లేవు. అవి పట్టుకూ కాగితానికీ తోలుకూ వేసేవి. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయిని నిషేధించింది, రోడమిన్-బి దొరికిందని. మార్చిలో కర్ణాటక పరీక్ష చేయిస్తే 171 గోబీ మంచూరియా నమూనాల్లో 107 పనికిరానివని తేలింది. 25 పీచుమిఠాయిల్లో 15. వెతికిన చోట దొరికింది. వెతకని చోట దొరకలేదు. ఈ రెండో వాక్యాన్నే మన దగ్గర ఆహార భద్రత అంటున్నారు.

తయారీ ప్రక్రియ?

ఈ గడిని గర్వంగా నింపుతున్నాం. సూరత్‌లో నేసేది పాలిస్టర్. మహా గీర గల దారం. ఏ రంగు పడితే ఆ రంగు ముట్టుకోదు. జెట్ మెషీన్లో పెట్టి, ఒత్తిడి పెంచి, 130 డిగ్రీల దాకా కాగబెడితే తప్ప రంగును లోపలికి రానివ్వదు. మా పొట్టకు అంత హంగామా అక్కర్లేదు. 37 డిగ్రీలు చాలు. ఆవిరి వద్దు, బాయిలర్ వద్దు, బొగ్గు వద్దు. ఇంత తక్కువ ఇంధనంతో ఇన్ని రసాయనాల్ని పట్టుకునే యూనిట్ జీఐడీసీ పారిశ్రామిక వాడల చరిత్రలో లేదు. హరిత పరిశ్రమ కింద రాయితీ ఇప్పించాలని మనవి.

పీపీఎం అంటే ఏమిటో మా ఖాతాలో, అంటే సాంచాల షెడ్డులో, మొన్న చర్చ జరిగింది. కండె మార్చుకుంటూ ఒక కుర్రాడు అడిగాడు:

"పీపీఎం అంటె ఏంది బావా?"

"పది లక్షల పాళ్లల్ల ఒక్క పాలు."

"గంతేనా? గంత చిన్నదానికి గింత లొల్లేంది?"

"పది తాకాల బట్ట పరిస్తె కిలోమీటరైతది. అండ్ల ఒక్క మిల్లీమీటరు నూనె మచ్చ ఉందనుకో. గదే పీపీఎం. సేఠ్ ఏం జేస్తడు?"

"మజూరి కోస్తడు."

"మరి నీ పొట్టకు సేఠ్ లేడు. గంతే తేడా."

ఆ కుర్రాడు ఇంకేమీ అడగలేదు. అడగాల్సింది తమరినే. రంగు వేయని గ్రే బట్టను ట్యూబులైటు కింద పరిచి గజం గజం కళ్లతో తడుముతారు. పోగు తెగితే గుర్తు, మచ్చ పడితే గుర్తు. ఆ బట్ట ఎవరో ఒంటి మీద పైపైన కట్టుకునేది. కడుపులోకి పోయేదాన్ని మాత్రం బేరం ఆడి, తూకం చూసి, దేవుడి పేరు చెప్పుకుని తింటాం.

ఎఫ్ఎస్ఎస్ఏఐ వారు ఒక ఉపాయం చెప్పారు, కాదనం. దూది ఉండను నీళ్లలోనో నూనెలోనో తడిపి చిలగడదుంప తొక్క మీద రుద్దాలట. దూదికి ఎరుపు అంటితే రోడమిన్-బి. బాగుంది. మొత్తానికి మా వార్డుకొక ఇన్‌స్పెక్టర్ దొరికాడు, దూది ఉండ. జీతం అడగడు, బదిలీ అడగడు, లంచం అడగడు. ఒకటే లోపం: సీసాన్ని చూడలేడు, మెలమిన్‌ను చూడలేడు, పీపీఎం లెక్క రాదు, కోర్టులో సాక్ష్యం చెప్పలేడు.

పరిమితులు ఎలా నిర్ణయించారు?

ఈ గడి మేం నింపవలసింది కాదు, తమరు నింపవలసింది. అయినా ఖాళీగా ఉంటే బాగుండదని మాకు తెలిసిన ఒక కథ రాస్తున్నాం.

మెలమిన్ అని ఒక తెల్లపొడి. పగలని పళ్లేలకూ బల్లల మీద అతికించే పలకలకూ, బట్ట ముడతలు పడకుండా వేసే జిగురుకూ వాడతారు. మన గుజరాత్‌లోనే వడోదరలో తయారవుతుంది. నిక్షేపంలాంటి పారిశ్రామిక సరుకు. దాని బరువులో మూడింట రెండు వంతులు నైట్రోజన్. పాలల్లో ప్రొటీన్ ఎంతో తేల్చే పాత పరీక్ష నిజానికి ప్రొటీన్‌ను చూడదు, నైట్రోజన్‌ను చూసి ప్రొటీన్ అనుకుంటుంది. చైనాలో కొందరు పాలల్లో నీళ్లు పోసి, పలచన కనబడకుండా మెలమిన్ కలిపారు. పరీక్ష పాసైంది. 2008లో ఆరుగురు పసిబిడ్డలు చనిపోయారు, దాదాపు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు. కిడ్నీల్లో రాళ్లు.

2008 అక్టోబర్ 3న అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఒక మాట చెప్పింది: మిగతా తిండిలో 2.5 పీపీఎం దాకా పరవాలేదు, పసిపిల్లల పాలపొడిలో మాత్రం ఇంత ఉంటే పరవాలేదని చెప్పలేం. ఆ తర్వాత వాళ్ల దేశంలో తయారైన పాలపొడిలోనే ఆనవాళ్లు దొరికాయి. నవంబర్ 28న కొత్త మాట వచ్చింది: పాలపొడిలో 1 పీపీఎం దాకా భయం లేదు. రెండు నెలలు తిరక్కుండానే చెప్పలేనిది చెప్పగలిగినదైంది. ఆ ఎనిమిది వారాల్లో పసిపిల్లల కిడ్నీలు మారలేదు. సరుకు ఎక్కడ దొరికిందో, అది మారింది. తర్వాత అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ కూడా పాలపొడికి 1, మిగతా తిండికి 2.5 అంది. మన ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా అవే అంకెల్ని దిగుమతి చేసుకుంది, కస్టమ్స్ సుంకం లేకుండా.

పళ్లేల నుంచీ ప్యాకింగు నుంచీ ఎంతో కొంత దిగుతుంది, సున్నా అంటే కుదరదు అన్నారు నిపుణులు. ఒప్పుకుంటున్నాం. ఎవరికి కుదరదో ఆ ముక్క కూడా పక్కన రాస్తే ఇంకా బాగుండేది. హాని ఎక్కడ మొదలవుతుందో పరిమితి చెబుతుందని మేం ఇన్నాళ్లూ నమ్మాం. లారీ ఆగకుండా ఉండాలంటే గీత ఎక్కడ గీయాలో కూడా అది చెబుతుందని మాకు ఎవరూ చెప్పలేదు.

నమ్మకం కుదరకపోతే దేశీయ ఉదాహరణ ఒకటి. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్‌వాళ్లు రెండు ప్రసిద్ధ భారతీయ బ్రాండ్ల మసాలాల్లో ఇథిలీన్ ఆక్సైడ్ అనే పురుగుమందు ఉందన్నారు. సింగపూర్ కూడా ఒక మసాలాను వెనక్కి తీసుకోమంది. అదే నెలలో ఎఫ్ఎస్ఎస్ఏఐ మసాలా దినుసుల్లో, మన దేశంలో నమోదు కాని పురుగుమందులకు పరిమితిని కేజీకి 0.01 మిల్లీగ్రాము నుంచి 0.1కి జరిపింది. పత్రికలు పదింతలు పెంచారని రాశాయి. మే నెలలో సంస్థ మండిపడింది: ఆ వార్తలు అబద్ధాలు, దురుద్దేశపూర్వకాలు, మన పరిమితులు ప్రపంచంలోకెల్లా కఠినమైనవాటిలో ఉన్నాయి. అదే ప్రకటనలో 0.01ని 0.1 చేసిన మాట కూడా ఉంది, కొన్నిటికే అన్న వివరణతో. మాకు చదువు తక్కువ. మా సేఠ్ మీటరు మజూరీని ఇదే పద్ధతిలో "పెంచకుండా" పదింతలు చేస్తే ఏ పత్రికకూ చెప్పం, మీ మీద ఒట్టు.

వ్యర్థాల శుద్ధి ఏర్పాటు?

ఉంది. పాండేసరా మిల్లులన్నీ తమ మురుగును ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పంపినట్టే మేం అన్నిటినీ కిడ్నీలకు పంపుతాం. రెండు యూనిట్లు. ఇరవై నాలుగ్గంటలూ నడుస్తాయి, సమ్మె చేయవు. ఒకటి పాడైతే రెండోది లాగిస్తుంది. రెండూ పాడైతే వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో యంత్రానికి అతికించుకోవాలి. ఆ కరెంటు బిల్లు పారిశ్రామిక రేటుకే వేస్తారేమో కనుక్కుని చెప్పగలరు.

ఇక్కడొక చిక్కు. అమెరికావాళ్ల 1 పీపీఎం పక్కన చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది: మెలమిన్ గానీ, దాని చుట్టమైన సయనూరిక్ యాసిడ్ గానీ ఒక్కటే ఉంటేనే. రెండూ కలిస్తే ఆ మాట వర్తించదు. ఎందుకంటే విడివిడిగా అంతగా కోపం లేని ఆ రెండూ కిడ్నీలో కలుసుకుంటే స్ఫటికాలు కడతాయి. 2007లో అమెరికాలో పెంపుడు పిల్లులూ కుక్కలూ అలాగే చచ్చాయి. కాబట్టి రసాయనం ఒంటరిగా వస్తేనే పరిమితికి విలువ. ఉధ్నాకు పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి ఒంటరిగా వచ్చేది మాలో కొందరే. రసాయనాలు మాత్రం సకుటుంబ సపరివారంగా దిగుతున్నాయి. పప్పులో పసుపు తెచ్చిన సీసం, కూరలో కారం తెచ్చిన రంగు, మిఠాయిలో మరో రంగు, కాయలో పురుగుమందు. ప్రతిదాని చేతిలో "నేను పరిమితిలోనే ఉన్నాను" అన్న చీటీ ఉండవచ్చు. అందరూ కలిసి ఒకే పొట్టలో కూర్చుంటే ఆ సభకు పరిమితి ఎంతో ఏ పుస్తకంలోనూ లేదు.

గతంలో జరిగిన ప్రమాదాలు?

ఇక్కడ వెటకారం ఆపుతున్నాం. 2022 జనవరి 6 తెల్లవారుజామున, ఉధ్నా దాటి నవసారి దారిలో ఉన్న సచిన్ జీఐడీసీలో, ఒక ట్యాంకరు రసాయన వ్యర్థాన్ని దొంగచాటుగా కాల్వలో వదులుతుండగా విషవాయువు లేచింది. పక్కనే మిల్లులో పనిచేసేవాళ్లు ఆరుగురు చనిపోయారు. ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఆ ట్యాంకరుకు పీపీఎం లేదు, ల్యాబు లేదు, సగటు మనిషి లేడు.

మా సొంత గడ్డ మీద సంగతీ రాయాలి. 2007లో పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు లెక్కతేల్చారు. శుద్ధి అయ్యాక ఉన్న లెక్క అది. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మురుగులో యాంటీబయాటిక్కులకు పరిమితులతో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పట్టిక మాయం. పరిమితి పెంచడమొక విద్య, అసలు లేకుండా చేయడం అంతకన్నా పై చదువు.

2020 డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్ బాధితుల రక్తంలో సీసం, నికెల్ చూసింది. జాతీయ పోషకాహార సంస్థవాళ్లు కూరగాయల్లో పురుగుమందు చూశారు. చివరికి నిపుణులు పురుగుమందు అవశేషాల వైపు వేలు చూపించారు. ఒక ఊరు ఊరంతా పడిపోయాక గానీ ఆ ఊరి కూరగాయల్లో ఏముందో ఎవరూ కొలవలేదు. కొలిచే యంత్రం దేశంలో లేకపోలేదు. అది రోగం వచ్చాక అంబులెన్సు వెనక వస్తుంది, అంతే.

తప్పు జరిగితే శిక్ష?

హానికరమైన తిండి అమ్మి ఎవరికీ ఏమీ కాకపోతే ఆరు నెలల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని ఆహార భద్రతా చట్టంలో ఉండేది. 2023లో జన విశ్వాస్ చట్టం వచ్చి దాన్ని మూడు నెలలు, మూడు లక్షలు చేసింది. జైలు సగమైంది, జరిమానా మూడింతలైంది. ఎవరి మీద ఎవరికి విశ్వాసం కుదిరిందో పేరులోనే ఉంది. "ఎవరికీ ఏమీ కాకపోతే" అన్న మాట కూడా గమనించండి. సీసం తిన్నవాడికి ఆ రోజు ఏమీ కాదు. పదేళ్లకు బడిలో పిల్లవాడు లెక్కలు చేయలేకపోతే దానికి పంతులుగారిది బాధ్యత.

మా కోరికలు

మొదటిది: చిన్న తిండి కొట్టుకు ఏడాదికి వంద రూపాయలతో రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. అంతకన్నా చిన్న వ్యాపారం మాది. తలా వంద తీసుకుని పొట్టకో నంబరు ఇవ్వండి.

రెండోది: మమ్మల్ని కాలుష్య మండలి వారి రెడ్ కేటగిరీలో, అంటే ఎక్కువ కాలుష్యం చేసే పరిశ్రమల జాబితాలో, వేయండి. అప్పుడైనా నమూనా సీసాతో ఎవరో ఒకరు గడప తొక్కుతారు.

మూడోది: పరిమితి అనే మాట పక్కన రెండు అంకెలు అచ్చేయండి. ఒకటి శరీరం చెప్పినది, రెండోది వ్యాపారం చెప్పినది. రెండూ ఒకటే అయితే మాకు సంతోషం. తేడా ఉంటే ఆ తేడా ఎవరి ఖాతాలోకి పోతోందో మాకు తెలియాలి.

ఇవేవీ కుదరవని తమరు అంటారని తెలుసు. ఇంత పెద్ద దేశంలో ప్రతి పసుపు పొట్లాన్నీ ఎవరు కొలుస్తారని అడుగుతారు. మన పక్క దేశం బంగ్లాదేశ్ కొలిచింది. 2019లో అక్కడి బజారు పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం దొరికింది. చేత్తో పట్టుకునే ఎక్స్‌రే యంత్రాలతో టోకు బజారుకు పోయారు, అక్కడికక్కడే పరీక్ష చేసి అందరి ముందూ జరిమానా వేశారు, టీవీల్లో చూపించారు, గోడలకు కాగితాలు అంటించారు. 2021కల్లా సీసం ఉన్న నమూనాలు సున్నా. వాళ్లు కొత్త పీపీఎం ఏదీ కనిపెట్టలేదు. బజారులోకి నడిచి వెళ్లారు.

మన చట్టంలోనూ ఒక తలుపు ఉంది. ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొనుక్కున్నవాడే ఫీజు కట్టి ఆ తిండిని ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. తప్పు తేలితే కట్టిన ఫీజు వెనక్కి వస్తుంది. ఆ మాట ఏ కిరాణా గోడ మీదా తెలుగులో గానీ, ఒడియాలో గానీ, గుజరాతీలో గానీ రాసి మేం చూడలేదు. పావు కేజీ పసుపు కొనేవాడు ముందు ల్యాబు ఫీజు కట్టాలన్నది గొప్ప హక్కే. కానీ ఆ భారం అమ్మేవాడిది, చూసే బాధ్యత తమది అని మా అభిప్రాయం.

కనుక మిగతావన్నీ వదిలేసి ఒక్కటే అడుగుతున్నాం. 2003లో సుప్రీంకోర్టు ఆదేశించాక, ప్రమాదకర రసాయనాలు వాడే ఫ్యాక్టరీలు లోపల ఏముందో, ఎంత ఉందో గేటు బయట బోర్డు మీద రాయాల్సి వచ్చింది. దారిన పోయేవాడు లోపలికి పోకపోయినా చదువుకునే హక్కు ఉందని కోర్టు ఒప్పుకుంది. మేం దారిన పోయేవాళ్లం కాము, లోపల వేసుకునేవాళ్లం. నెలకోసారి ఉధ్నాలో పసుపు, కారం, మిఠాయి, కూరగాయల నమూనాలు తీసి, ఏ వీధిలో ఏది ఎంత తేలిందో, పరిమితి ఎంతో, అది ఎవరు ఎప్పుడు మార్చారో ఆ వీధి మొగదల్లో బోర్డు రాయించండి. మాకు చదవడం వచ్చు. లెక్కా వచ్చు, మిల్లీమీటరు మచ్చకు మజూరీ కోయించుకున్న వాళ్లం, మమ్మల్ని మించి పీపీఎం తెలిసినవాళ్లు ఎవరుంటారు?

అది కూడా కుదరదంటే ఈ దరఖాస్తును తిరస్కరిస్తూ కారణం రాసి పంపండి. "పొట్ట పరిశ్రమ కాదు" అని రాస్తే చాలు. ఆ కాగితాన్ని పట్టుకుని, మరి పారిశ్రామిక రసాయనాలకు అందులో పరిమితులు ఎందుకు పెట్టారని కోర్టులో అడుగుతాం.